మళ్లీ వచ్చి చూసిన ఆర్థికవేత్త

1996లో ఢిల్లీ నుంచి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారు ‘రూరల్ ఇండియన్ సోషల్ రిలేషన్స్’ అనే పుస్తకం వేశారు. దక్షిణ ఆంధ్రప్రదేశ్ మీద చేసిన అధ్యయనమని ఉపశీర్షికలోనే చెప్పారు. ఆ దక్షిణాంధ్ర మన ఉమ్మడి చిత్తూరు జిల్లాయే. రాసినామె వెండీ ఓల్సెన్. ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేస్తూ 1980ల్లో మన మెట్ట పల్లెలకొచ్చిన యువ పరిశోధకురాలు ఆమె. తర్వాత ఇంగ్లండులో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో సామాజిక ఆర్థికశాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ పుస్తకానికి 2026తో 30 ఏళ్లు నిండుతున్నాయి. ఆ పుస్తకాన్నీ, దాని వెనకా ముందూ ఆమె చేసిన శ్రమ పరిశోధననంతా తిరుపతి గడ్డ మీద నుంచి మనసారా అభినందించడానికే ఈ వ్యాసం.

మన జిల్లా గురించి పుస్తకాలకు కొదవ లేదు. గుళ్ల మీద ఉన్నాయి, శాసనాల మీద ఉన్నాయి, చంద్రగిరి కోట మీద ఉన్నాయి, పాళెగాళ్ల మీదా ఉన్నాయి. పొద్దున్నే సద్ది కట్టుకుని కూలికి పోయే మనిషి గురించి మాత్రం తక్కువ. ఆ మనిషి ఎవరి చేనికి పోతోంది, ఎంతకు పోతోంది, ఆ రేటుకు ఎందుకు ఒప్పుకుంది, ఒప్పుకోకుంటే ఏమవుతుంది అని వరసగా అడుగుతూ పోయి, దొరికిన జవాబులను అంతర్జాతీయ ఆర్థికశాస్త్ర చర్చ ముందు పెట్టినవాళ్లు ఇంకా తక్కువ. ఓల్సెన్ గారు ఆ కొద్దిమందిలో ఒకరు. అందుకే ఆమెకు మనం చెప్పుకోవలసిన కృతజ్ఞత చాలానే ఉంది.

ఆమె డాక్టరేట్ గ్రంథం విషయం రాయలసీమలో ఒక గ్రామీణ ప్రాంతపు తెగనమ్మకాలు, మారకపు సంబంధాలు. ఆ రెండు మాటలూ వేరుశనగ పండించే ఇంట్లో పుట్టినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. వాన మీద ఆధారపడి పండే పంటల్లో శెనక్కాయంత విత్తనం మింగే పంట మనకు ఇంకోటి లేదు. ఎకరాకు యాభై అరవై కిలోల గింజలు కావాలి. పెట్టుబడిలో పెద్ద వాటా విత్తనానికే పోతుంది. జూన్, జూలైల్లో మొదటి మంచి పదును దొరకగానే విత్తాలి. ఆ వారంలో ఇంట్లో కాయలు లేని రైతు ఎవరో ఒకరి గడప తొక్కక తప్పదు. ఆ గడప వ్యాపారిది కావచ్చు, ఊళ్లో పెద్దరైతుది కావచ్చు. చాలా ఊళ్లలో ఆ ఇద్దరూ ఒక్కరే.

పంట ఇంటికొచ్చేది దసరా, దీపావళి రోజుల్లో. అప్పుడు అందరి కాయలూ ఒక్కసారే మార్కెట్టుకొస్తాయి, ధర పడిపోతుంది. నాలుగు నెలలు నిలవ చేసుకోగలిగితే మంచి ధర వస్తుందని రైతుకు తెలియక కాదు. అప్పిచ్చినవాడు కళ్లం దగ్గరికే వచ్చి నిలబడతాడు. వడ్డీ నడుస్తూ ఉంటుంది. పండగ ఖర్చు, ఆసుపత్రి ఖర్చు, పిల్లల ఫీజు ఆగవు. కాబట్టి ధర అడుగున ఉన్నప్పుడే తెగనమ్ముకుంటాడు. మళ్లీ విత్తే నాటికి అవే కాయలను ప్రియంగా కొంటాడు. పాఠ్యపుస్తకం దీన్ని రెండు వేర్వేరు లావాదేవీలుగా చూపిస్తుంది. ఒకటి సరుకు మార్కెట్టులో జరిగింది, ఇంకోటి రుణ మార్కెట్టులో జరిగింది అంటుంది. చేనిగట్టు మీద నిలబడి చూస్తే అది ఒకే లావాదేవీ. ఓల్సెన్ గారి తొలి పని విలువంతా ఈ చూపులో ఉంది.

1993లో ఐడీఎస్ బులెటిన్‌లో ఆమె వ్యాసం ఒకటి వచ్చింది. గ్రామీణ మార్కెట్లలో పోటీ, అధికారం అన్నది విషయం, ఆంధ్రప్రదేశే ఉదాహరణ. ఏడాది అటూ ఇటుగా మన దేశమంతా మార్కెట్టు మంత్రం జపిస్తున్న రోజులవి. పోటీ ఉంటే చాలు, న్యాయమైన ధర దానంతట అదే వస్తుందని ఆర్థికవేత్తలు చెబుతున్నారు. చిత్తూరు పల్లె నుంచి చూస్తే ఆ మాట ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. ఊరి నిండా కొనేవాళ్లున్నా, అప్పుపడ్డవాడికి కొనేవాడు ఒక్కడే. మార్కెట్టు యార్డులో ఎన్ని దుకాణాలు తెరిచి ఉన్నా ఆ రైతు బండి తిరిగేది ఆ ఒక్క వాకిలికే. పోటీ అనేది ఊరికంతా ఒకేలా ఉండదు, ఎవరి చేతిలో ఏముంది అన్నదాన్ని బట్టి మనిషి మనిషికీ మారుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే గిట్టుబాటు ధర గురించి మనం చేసుకునే వాదాల్లో సగం స్పష్టమవుతాయని నా నమ్మకం.

ఇక్కడి నుంచి శ్రమ దగ్గరికి ఒక్క అడుగే. కాయలకు జరిగిందే రెక్కల కష్టానికీ జరుగుతుంది. వేసవిలో బియ్యం బస్తాకో, కాన్పు ఖర్చుకో అప్పు తీసుకున్న ఇల్లాలు కలుపు రోజుల్లో ఆ ఇంటి చేనికే పోవాలి. పక్క చేనిలో పది రూపాయలు ఎక్కువిచ్చినా పోలేదు. ఇచ్చిన కూలి తీసుకోవాలి, పిలిచిన రోజు పోవాలి, ఆ ఇంట్లో పెళ్లయితే అంట్లు తోమడానికీ పోవాలి. చట్టం దృష్టిలో ఆమె స్వేచ్ఛ గల కూలీ. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆమెకు వర్తించే సందర్భమని ఏ తహసీల్దారూ అనుకోడు. కానీ ఆమె తన శ్రమను ముందే తెగనమ్ముకుంది. శ్రమను మిగతా బతుకు నుంచి విడదీసి, గంటకింత అని లెక్కగట్టే ఆర్థికశాస్త్రానికి ఈ మనిషి కనిపించదు. అప్పు, భూమి, ఇల్లు, కులం, కూలి ఈ అయిదింటినీ ఒకే చాప మీద పరిచి చూసినప్పుడే కనిపిస్తుంది. ఓల్సెన్ గారు దశాబ్దాలుగా పరుస్తున్నది ఆ చాపనే.

1997లో టామ్ బ్రాస్, మార్సెల్ వాన్ డర్ లిండెన్ సంపాదకత్వంలో స్వేచ్ఛా శ్రమ, అస్వేచ్ఛా శ్రమల మీద ఒక పెద్ద సంపుటం వచ్చింది. భారతదేశంలో కట్టుబడి శ్రమను మార్క్సిస్టులు ఎలా చూస్తున్నారు, నియోక్లాసికల్ వాళ్లు ఎలా చూస్తున్నారు అని అందులో ఆమె రాశారు. ఆ రెండు శిబిరాలూ ఒకరి మాట ఒకరు వినే అలవాటు లేనివి. ఒక పక్షం ఏమంటుందంటే, జీతగాడు ఏడాది పొడుగునా ఒకే ఇంట్లో ఉండటం ఇద్దరికీ లాభం, పనిలేని రోజుల్లో అతనికి తిండి గింజల భరోసా, పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో రైతుకు మనిషి భరోసా. రెండో పక్షం అది భరోసా కాదు బంధం అంటుంది. అతను ఇంకోచోటికి పోకుండా, ఎదురు మాట్లాడకుండా కట్టేసే తాడు అంటుంది. ఓల్సెన్ గారి మొగ్గు బలహీనుడి వైపే. దాన్ని ఆమె దాచుకోరు. కానీ మొగ్గు ఉంది కదా అని ఎదుటి సిద్ధాంతాన్ని తీసి పారేయరు. అది దేన్ని చూడగలుగుతోంది, దేన్ని చూడలేకపోతోంది అని నిదానంగా తేలుస్తారు.

2006లో జర్నల్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో పేదరికం, పాలుకు చేసే సేద్యం మీద రాసిన వ్యాసంలో ఈ పద్ధతి పూర్తిగా పండింది. కోరుకో పాలుకో చేనిచ్చే ఏర్పాటు మన దగ్గర తరతరాలుగా ఉంది. దాని మీద ప్రపంచంలో ఉన్నన్ని సిద్ధాంతాలు బహుశా ఇంకే గ్రామీణ ఏర్పాటు మీదా లేవు. అన్నిటినీ ఒకచోట చేర్చి, పరిశోధకుడు మనసు తెరిచి ఉంచుకోవాలని ఆమె ఆ వ్యాసంలో వాదించారు. శీర్షికలోనే ఆ మాట ఉంది. సిద్ధాంతం ముందే ఖాయం చేసుకుని ఊరికొచ్చి, దానికి సరిపడే మనుషుల్ని ఏరుకుపోయే పరిశోధనలు మన విశ్వవిద్యాలయాల్లో గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి పక్కన పెట్టి చదివితే ఈ వ్యాసం ఎంత ఊరటనిస్తుందో చెప్పలేను.

శ్రమ అర్థశాస్త్రం తెలుగువాళ్లకు బయటి నుంచి వచ్చిన విద్య కాదని కూడా ఇక్కడ గుర్తు చేయాలి. 1957లో భారతీయ శ్రమ అర్థశాస్త్ర సంఘం ఏర్పడినప్పుడు దాని ముందువరసలో నిలిచినవారిలో మన వి.వి.గిరి ఉన్నారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే వదులుకున్న మనిషి ఆయన. 1962లో చిత్తూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైన ఎన్.జి.రంగా అంతకు ముప్పై ఏళ్ల ముందే చేనేత కార్మికుల ఆర్థిక స్థితి మీద పరిశోధన గ్రంథం వేసిన ఆచార్యులు. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి రోజు సంపాదన ఎంత అని ఆయన అడిగిన ప్రశ్నకూ, శెనక్కాయ చేలో ఓల్సెన్ గారు అడిగిన ప్రశ్నకూ దగ్గరి చుట్టరికం ఉంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే మిన్నగా మెచ్చుకునే విషయానికి వస్తాను. ఆమె మళ్లీ వచ్చారు. విదేశీ పరిశోధకులు మన పల్లెలకు రావడం కొత్త కాదు. మన పొరుగున ఉన్న పాత ఉత్తర ఆర్కాటులో కేంబ్రిడ్జి వాళ్లు హరిత విప్లవాన్ని కొలిచారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో ఒక భాగం ఆ ఆర్కాటు నుంచే వచ్చింది. వచ్చి, కొలిచి, డిగ్రీ అందుకుని, ఊరి పేరు మరిచిపోవడమే ఎక్కువగా జరిగేది. ఓల్సెన్ గారు 1980ల్లో తొలి అధ్యయనం చేసి, 1994-95లో తిరిగొచ్చారు, 2006-07లో మళ్లీ చిత్తూరు పల్లెల్లోనే పని చేశారు. అంటే రెండు దశాబ్దాల పాటు ఈ మెట్ట పల్లెలను వదల్లేదు. ఒకసారి తీసిన ఫొటోలో కూలీ ఎప్పటికీ కూలీగానే ఉంటుంది. తిరిగొచ్చి చూసినప్పుడే ఆమె కూతురు ఏమైంది, ఆ అప్పు తీరిందా, ఆ చేను ఎవరి చేతిలోకి పోయింది అని తెలుస్తుంది.

ఆ రెండు దశాబ్దాల్లో మన పడమటి మండలాలు ఎంత మారాయో చూసినవాళ్లకు తెలుసు. చెరువులు ఎండాయి, బోర్లు దిగాయి, ఒక్కొక్క బోరు ఒక్కొక్క కొత్త అప్పు తెచ్చింది. నీళ్లు పడినవాళ్లు శెనక్కాయ వదిలి టమాటాకు, మల్బరీకి, మామిడికి మళ్లారు. ఇంటింటికీ జెర్సీ ఆవు వచ్చింది, పాల వ్యాను వచ్చింది, పక్షానికోసారి పాల డబ్బు వచ్చింది. మదనపల్లె, పలమనేరు వైపు మగవాళ్లు బెంగళూరు బస్సెక్కారు. డ్వాక్రా సంఘాలొచ్చాయి, పొదుపు పుస్తకాలొచ్చాయి. 2006 ఫిబ్రవరి 2న మన పక్క జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి అని సర్కారే ఇచ్చి చూపించడం మొదటిసారి అప్పుడే ఊళ్లోవాళ్లు కళ్లారా చూశారు. 1976 నుంచీ సమాన వేతన చట్టం పుస్తకంలో ఉండగానే పక్కపక్క సాళ్లలో పనిచేసినవాళ్లకు వేర్వేరు కూలి అందింది.

ఈ మార్పులో ఎవరు బయటపడ్డారు, ఎవరు ఇరుక్కున్నారు? ఓల్సెన్ గారితో కలిసి పని చేసిన లూసియా డా కోర్టా, మన దావులూరి వెంకటేశ్వర్లు ఇద్దరూ 1999లో జర్నల్ ఆఫ్ పీజెంట్ స్టడీస్‌లో రాసిన దీర్ఘ వ్యాసం ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు నన్ను చాలా రోజులు వెంటాడింది. 1970 నుంచి 1995 దాకా ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మగ కూలీలు పాత జీతగాడి బంధం నుంచి మెల్లమెల్లగా తప్పుకున్నారు. బయటి పనులు దొరికాయి, ప్రభుత్వ రుణాలు కొన్ని అందాయి, రాజకీయంగా కాస్త బలం వచ్చింది. వాళ్లు ఖాళీ చేసిన చోటికి ఆడవాళ్లు వచ్చారు. ఇంటి ఖర్చు మోసే బాధ్యత వాళ్ల మీద పడింది, తిండికోసం చేసిన చిన్నచిన్న అప్పులు వాళ్ల పేరు మీద పడ్డాయి, ఆ అప్పులకు కట్టుబడి తక్కువ కూలికి పని చేయాల్సి వచ్చింది. వ్యవసాయ శ్రమ ఆడవాళ్ల పాలైంది అని గణాంకాల్లో కనిపించేదాన్ని మనం ఆడవాళ్లకు ఉపాధి పెరిగింది అని చదువుకుంటూ ఉంటాం. ఆ వ్యాసం చదివాక ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా పలకలేం.

2007లో డేనియల్ నెఫ్‌తో కలిసి ఓల్సెన్ గారు రాసిన పత్రం దీనికి కొనసాగింపు. కూలికి పోవడం, మానడం కేవలం రేటు చూసి తీసుకునే నిర్ణయం కాదని అది చూపిస్తుంది. మా పల్లెలో ఒక పెద్దమ్మ ఉండేది. రెండావులు కొనుక్కున్న రోజు నుంచి ఎవరు పిలిచినా చేనికి పోలేదు. గడ్డి కోసి, పేడ ఎత్తి, పాలు పిండి ఆమె చేసే చాకిరి కూలి పని కంటే ఎక్కువే ఉండేది, మిగిలేదీ పెద్దగా ఉండేది కాదు. ఎందుకమ్మా అని అడిగితే, ‘ఒకరి గట్టు మీద తల దించుకుని నిలబడేది లేదు కదరా’ అనేది. ఆ పెద్దమ్మ లెక్కలో ఉన్నది పరువు. పరువునూ, అలవాటునూ, కులం నేర్పిన నడవడినీ పక్కకు నెట్టకుండా శ్రమ చర్చలోకి తెచ్చిన ఆర్థికవేత్తలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

చిత్తూరు దాటి పాలమూరుకూ ఆమె చూపు వెళ్లింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఆర్.వి.రమణమూర్తితో కలిసి 2000లో ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు కూలీల కట్టుబానిసత్వం మీద ఒక వ్యాసం రాశారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటుందన్న మాట తెలుగునాట అందరికీ తెలుసు. మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఆ డబ్బు ఇంటి అప్పుకే పోతుంది, ఆ తర్వాత నెలల తరబడి భార్యాభర్తలు గుడారాల్లో ఉండి ఆ అడ్వాన్సును చెమటతో తీరుస్తారు. పని మానేసి వెళ్లిపోదామంటే లెక్క తేలదు. శెనక్కాయ రైతు విత్తనం కోసం తెచ్చిన అప్పుకూ, పాలమూరు జంట మేస్త్రీ దగ్గర పట్టిన అడ్వాన్సుకూ పోలిక చూడండి. ముందు డబ్బు, వెనక చాకిరి. రెండు చోట్లా ధర నిర్ణయించేది అవసరం.

ఇంటి పని గురించి ఆమె చేసిన కృషి వేరే అధ్యాయం. స్మితా మెహతాతో కలిసి 2006లో రాసిన వ్యాసం శీర్షికలో ఒక సూటి ప్రశ్న ఉంది. గృహిణుల పని లెక్కలోకి వస్తుందా? జాతీయ నమూనా సర్వేలో మనిషికో కోడ్ నంబరు వేస్తారు. ఇంటి పని మాత్రమే చేసేవాళ్లకు 92, ఇంటి పనితో పాటు కట్టెలు, మేత ఏరుకు రావడం, ఇంటి వాడకానికి కుట్టడం, నేయడం చేసేవాళ్లకు 93. ఈ రెండు నంబర్లూ పడ్డవాళ్లు శ్రామికులు కారు. పొద్దున చీకటితో లేచి ఆవుకు గడ్డి మోసుకొచ్చిన ఆడమనిషి సర్వే కాగితం మీద పనిలేని మనిషి! సర్వే లెక్కల్లో గ్రామీణ స్త్రీల పని భాగస్వామ్యం 2004-05లో 32.7 శాతం ఉండగా 2011-12కల్లా 24.8 శాతానికి పడిపోయిందని దేశమంతా చర్చ జరిగినప్పుడు, వాళ్లంతా ఇంట్లో కూర్చున్నారా, ఇంట్లో పనిచేస్తున్నారా అన్న ప్రశ్న వేయడానికి దారి ముందే పడి ఉంది. ఆ దారి వేసినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. చాలా ఏళ్ల తర్వాత, 2019 సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని సర్కారీ లెక్కే చెప్పింది.

ఇదే మనిషి ఇంగ్లండులో కూర్చుని అక్కడి ఆడవాళ్ల జీతాలను కూడా కొలిచారు. సిల్వియా వాల్బీతో కలిసి 2004లో బ్రిటన్‌లో స్త్రీపురుషుల వేతన వ్యత్యాసం మీద చేసిన అధ్యయనం, ఆ తర్వాత 2010లో, 2018లో వేర్వేరు సహచరులతో చేసినవి అక్కడి విధాన చర్చల్లో నలిగినవి. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఏళ్లు, సగం పూట ఉద్యోగంలో గడిపిన ఏళ్లు ఆడమనిషి జీతాన్ని జీవితాంతం ఎలా కిందికి లాగుతాయో ఆ అధ్యయనాలు చూపించాయి. మాంచెస్టర్ ఆఫీసు ఉద్యోగినికీ మన పీలేరు పక్క పల్లెలోని కూలమ్మకూ మధ్య సముద్రాలున్నాయి. కానీ ఇద్దరి జీతంలోనూ కోత పెట్టిన కారణాల్లో ఒకటి ఉమ్మడిగా ఉంది. పొయ్యి దగ్గరా ఉయ్యాల దగ్గరా గడిచిన కాలానికి ఎవరూ వెల కట్టలేదు. పేద దేశానికో శాస్త్రం, ధనిక దేశానికో శాస్త్రం అని చీల్చకుండా రెండు చోట్లా ఒకే శ్రద్ధతో కొలవడం నిజమైన విద్వత్తు అని నేను అనుకుంటాను.

పిల్లల శ్రమ మీద ఆమె సహచరులతో కలిసి 2020లో ప్రచురించిన అంచనా గురించి రెండు మాటలు. 2011 జనగణన ప్రకారం దేశంలో 5 నుంచి 17 ఏళ్ల లోపు ప్రధాన శ్రామికులైన పిల్లలు 1 కోటీ 18 లక్షలు. కిమ్, ఓల్సెన్, విష్నియోవ్‌స్కీ ముగ్గురూ రెండు జాతీయ సర్వేలను కలిపి లెక్కగట్టి బాల కార్మికులు 1 కోటీ 32 లక్షలని తేల్చారు. తేల్చి ఊరుకోలేదు. అసలు సంఖ్య 1 కోటీ 14 లక్షలకూ 1 కోటీ 52 లక్షలకూ మధ్య ఉండవచ్చని కూడా పక్కనే రాశారు. ఆ నిజాయితీకి నేను నమస్కరిస్తాను. ఒక్క అంకెను పట్టుకుని ఇదే సత్యం అని చాటడం సులువు. ఇంత మేరకు మాకు తెలుసు అని హద్దులు గీసి చెప్పడానికి శాస్త్రం మీద భక్తి కావాలి.

విద్యార్థుల కోసం రాసిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. సమాచార సేకరణ మీద 2012లో ఒకటి, అంకెలనూ మాటలనూ కలిపి పరిశోధించడం మీద 2022లో ఇంకోటి వచ్చాయి. వీటిలో ఏ ఊరి పేరూ తెలియని విద్యార్థి కూడా నేర్చుకోవలసింది చాలా ఉంది. నాకు మాత్రం 2009లో ఒక హ్యాండ్‌బుక్‌లో వచ్చిన అధ్యాయం ఎక్కువ ఇష్టం. గ్రామ అధ్యయనంలో మనం లెక్కపెట్టే ‘కేసు’ ఏది అని అందులో అడుగుతారు. మనిషా, ఇల్లా, కులమా, ఊరా? ఒకదాని లోపల ఒకటి అమరేవి ఉన్నాయి, అమరనివీ ఉన్నాయి. ఇంటి యజమానిని మాత్రమే అడిగి ఇంటి సంగతంతా రాసేసుకునే సర్వేదారుకు ఈ ప్రశ్న తట్టదు. కోడలిని విడిగా, అత్తను విడిగా, కౌలుకు తీసుకున్నవాడిని విడిగా, ఇచ్చినవాడిని విడిగా కూర్చోబెట్టి విన్నవాళ్లకే తడుతుంది.

ఓల్సెన్ గారూ, ఈ అభినందన మీకు చేరేదాకా ఎన్ని చేతులు మారుతుందో తెలియదు. మీరు చిత్తూరు పల్లెల్లో కూర్చుని రాసుకున్న రోజుల్లో మీకు గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, తమ అప్పుల సంగతి, కూలి సంగతి దాచకుండా చెప్పినవాళ్లందరి తరఫునా ఈ మాట అంటున్నాను. పేరు బయటపెట్టకుండా వాళ్ల గౌరవం కాపాడారు. వాళ్ల మాటను పెద్ద పెద్ద పత్రికల్లో, పెద్ద పెద్ద సిద్ధాంతాల ఎదుట తడబడకుండా నిలబెట్టారు. మీతో కలిసి నడిచిన సహ పరిశోధకులకూ, ఊరూరా తిరిగి ప్రశ్నలు తెలుగులో అడిగిన, జవాబులు ఇంగ్లీషులోకి తెచ్చిన సహాయకులకూ ఈ పండగలో సమాన వాటా ఉంది. ఆరోగ్యంగా ఉండండి, ఇంకా రాయండి, ఇంకోసారి రండి.

మనకూ ఒక బాకీ ఉంది. ఆ పుస్తకం ఇంగ్లీషులో వచ్చి 30 ఏళ్లయినా ఎవరి గురించి రాశారో వాళ్ల భాషలో చదువుకునే వీలు లేదు. తెలుగులోకి తేవాలి. ఆర్థికశాస్త్రం, తెలుగు రెండూ తెలిసినవాళ్లు మన తిరుపతిలో ఉన్నారు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మొదలైన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. రెండు విశ్వవిద్యాలయాలూ చేతులు కలిపితే రెండేళ్లలో అయ్యే పని. దానితో పాటు అక్కడి పీజీ పిల్లలను నలుగురైదుగురిని ఎంచి, పడమటి మండలాల్లోని మెట్ట పల్లెలకు పంపాలి. టమాటా తోటలో ఇప్పుడు రోజు కూలి ఎంత, ఆడవాళ్లకెంత మగవాళ్లకెంత, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సీజనులో పిలుపు ఎవరి ద్వారా వస్తుంది, అడ్వాన్సు ఎవరిస్తారు, పాల డబ్బు ఎవరి చేతికి అందుతుంది, బెంగళూరులో పనిచేసే కొడుకు నెలకెంత పంపుతాడు అని అడిగి రావాలి. శెనక్కాయలు పెరికే నెలల్లో పోతే ఇంకా మంచిది. అప్పుడు ఊళ్లో అందరూ ఉంటారు.